అద్దాల బోగీకి మూరెడు ఎత్తు

విశాఖ నుంచి అరకు వెళ్లే రైలు తెలుగువారికి దక్కిన అందమైన కొండదారి. నడవలేనివాళ్లు, చూపు లేనివాళ్లు, వినబడనివాళ్లు ఆ దారిలో అందరిలాగే టికెట్ కొని, అందరిలాగే ఎక్కి, అందరిలాగే తిరిగి రావాలంటే ఏం కావాలి? పెద్దతిప్పసముద్రంలో బయల్దేరి బొర్రా గుహల దాకా వెళ్లే ప్రయాణాన్ని అడుగడుగునా పరిశీలిస్తే తేలిన సంగతులివి.

2017 ఏప్రిల్ 16, ఆదివారం. విశాఖపట్నం స్టేషన్‌లో కిరండూల్ ప్యాసింజర్‌కు అద్దాల పైకప్పున్న బోగీని తగిలించారు. అప్పటి రైల్వే మంత్రి సురేశ్ ప్రభు వీడియో కాన్ఫరెన్స్‌లో దాన్ని ప్రారంభించారు. నలభై సీట్లు, ఎటు కావాలంటే అటు తిరిగే కుర్చీలు, తలెత్తితే ఆకాశం. పెరంబూరు ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ (ఐసీఎఫ్)లో తయారైన ఆ విస్టాడోమ్ బోగీకి అయిన ఖర్చు 3 కోట్ల 38 లక్షలని అప్పట్లో ప్రకటించారు.

సరిగ్గా మూడు రోజులకు, ఏప్రిల్ 19న, దివ్యాంగుల హక్కుల చట్టం–2016 అమల్లోకి వచ్చింది. 1995 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన ఈ చట్టం వైకల్యాల జాబితాను ఏడు నుంచి 21కి పెంచింది. రైల్వే స్టేషన్లు, రైళ్లు, టికెట్ కౌంటర్లు, మరుగుదొడ్లు దివ్యాంగులకు అందుబాటులో ఉండాలని 41వ సెక్షన్ చెబుతుంది. సంస్కృతి, వినోదాల గురించి విడిగా 29వ సెక్షనే ఉంది. ఆరుబయట శిబిరాలకు, సాహస యాత్రలకు దివ్యాంగులు వెళ్లేలా చూడటం ప్రభుత్వం పని అని అందులో రాసి ఉంది. ఆసుపత్రికో ఆఫీసుకో వెళ్లే అవసరంతో ఆ చట్టం ఆగిపోలేదు. కొండ చూడాలన్న కోరికకూ చోటిచ్చింది.

అద్దాల బోగీ, హక్కుల చట్టం ఒకే వారంలో వచ్చాయి. ప్లాట్‌ఫాం మీద మాత్రం ఆ రెండూ ఇప్పటికీ పూర్తిగా కలవలేదు. వాటిని కలపడానికి ఏం కావాలన్నదే ఈ కథనం.

పెద్దతిప్పసముద్రం నుంచి బయల్దేరితే

మదనపల్లె వైపు ఊళ్లలో పెద్దతిప్పసముద్రాన్ని పీటీఎం అంటే అందరికీ తెలుసు. కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న మండలం. ఆ మండలంలోని ఒక పల్లెలో వీల్‌చైర్ వాడే డిగ్రీ విద్యార్థిని ఉందనుకుందాం. తోటి పిల్లలంతా అరకు టూరు వేశారు, తనూ వెళ్లాలి. ఆమె ప్రయాణం ఎలా ఉంటుంది?

పెద్దతిప్పసముద్రం వాళ్లకు దగ్గర్లో దొరికేవి ధర్మవరం–పాకాల మార్గంలోని ములకలచెరువు, మదనపల్లె రోడ్ స్టేషన్లు. విశాఖ వెళ్లాలంటే చాలామంది ముందు తిరుపతి చేరుకుని, అక్కడ రాత్రి రైలు ఎక్కుతారు. తెల్లారి విశాఖలో దిగాక మళ్లీ అరకు రైలు. నాలుగు గంటల ఘాట్ ప్రయాణం. అరకులో బస్సో జీపో ఎక్కి బొర్రా, అనంతగిరి, పద్మాపురం తోటలు చూసి వెనక్కి.

మామూలు ప్రయాణికుడికి ఇదంతా ఒక్క యాత్ర. ఈ అమ్మాయికి మాత్రం ఇది గొలుసు, ఎక్కడ ఒక్క కొక్కెం ఊడినా మొత్తం తెగిపోతుంది. ఊళ్లో ఆటో, బస్సు మెట్లు, స్టేషన్ గుమ్మం, పాదచారుల వంతెన, ప్లాట్‌ఫాం, బోగీ తలుపు, లోపలి నడవా, బాత్రూము, దిగే చోటు, అక్కడి వాహనం, గుహ మెట్లు. వీటిలో పది బాగుండి పదకొండోది లేకపోయినా ఆమె ఇంట్లోనే ఉండిపోతుంది. విశాఖ స్టేషన్‌లో ర్యాంపు ఉండి అరకులో లేకపోతే, ఆమె ఎక్కగలదు కానీ దిగలేదు. ఆ ర్యాంపు ఆమెకు ఏ మాత్రమూ ఉపయోగపడనట్టే.

మూరెడు దగ్గరే ఆగిపోతోంది

మన రైల్వేలో ప్లాట్‌ఫాంలు మూడు రకాలు. పట్టాల మట్టంలోనే ఉండేవి, సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తుండే మధ్యరకం, 76 నుంచి 84 సెంటీమీటర్ల దాకా ఉండే ఎత్తువి. బోగీ నేల పట్టాల మీదినుంచి సుమారు 130 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అంటే మనకున్న వాటిలో అన్నిటికన్నా ఎత్తైన ప్లాట్‌ఫాం మీద నిలబడ్డా బోగీ నేల ఇంకా మూరెడు పైనే ఉంటుంది. పట్టాల మట్టం ప్లాట్‌ఫాం అయితే దాదాపు మనిషి ఛాతీ ఎత్తు.

కాళ్లున్నవాళ్లు ఒక మెట్టు మీద కాలేసి, చేత్తో కమ్మీ పట్టుకుని లోపలికి వెళ్లిపోతారు. చక్రాలకు మెట్టెక్కడం తెలియదు. ర్యాంపు పరచాలంటే పన్నెండు అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు అన్నది భవనాలకు పాటించే వాలు ప్రమాణం. ఆ లెక్కన మూరెడు ఎత్తుకు అయిదున్నర మీటర్ల ర్యాంపు కావాలి. ప్లాట్‌ఫాం మీద అంత పొడవు పరచడం కష్టం కాబట్టి, పొట్టి మడత ర్యాంపు వేసి, శిక్షణ ఉన్న సిబ్బంది వెనక పట్టుకుని నెమ్మదిగా ఎక్కిస్తారు. బోగీ లోపలి నడవా ఇరుకు. మామూలు వీల్‌చైర్ అందులో పట్టదు. అందుకని విమానాల్లో వాడే లాంటి సన్నని కుర్చీలోకి మార్చి సీటు దాకా తీసుకెళ్లాలి. ఇవేమీ కొత్తగా కనిపెట్టాల్సినవి కావు. నడవలేని విరాలీ మోదీ, రైళ్లలోకి పోర్టర్లు ఎత్తి ఎక్కించినప్పుడు తనకు ఎదురైన అసభ్య ప్రవర్తనను బయటపెట్టి, 2017లో పెద్ద ఎత్తున సంతకాల ఉద్యమం నడిపారు. దాని ఫలితంగా కేరళలో ఎర్నాకుళం స్టేషన్‌కు మడత ర్యాంపు, సన్నని వీల్‌చైర్ వచ్చాయి.

ఆమె చెప్పిన మాటను మనం చెవినబెట్టాలి. మన స్టేషన్లలో ఇప్పటికీ ఎక్కువగా వినబడే మాట, “ఏం కాదులేమ్మా, ఎత్తి లోపల పెట్టేస్తాం”. చెప్పేవాళ్ల మనసు మంచిదే. కానీ ఎదిగిన మనిషిని, అందులో ఆడపిల్లను, ముక్కూమొహం తెలియని ఇద్దరు చంకల కింద చేతులేసి ఎత్తడం సదుపాయం అనిపించుకోదు. జారితే నడుం విరుగుతుంది, జారకపోయినా గౌరవం దెబ్బతింటుంది. ఆ మాట విని, తర్వాత ఎప్పుడూ రైలెక్కని వాళ్లు మన ఊళ్లలో ఎందరో.

2020 చివర్లో ఐసీఎఫ్ కొత్త తరం విస్టాడోమ్ బోగీని తెచ్చింది. 44 సీట్లు, పక్కకు జరిగే వెడల్పాటి తలుపులు. వీల్‌చైర్‌లో వచ్చేవారి కోసమే ఆ వెడల్పని రైల్వే ప్రకటించింది. ఇది నిజంగా ముందడుగు, ఎందుకంటే బోగీ తయారయ్యాక తలుపును వెడల్పు చేయడం దాదాపు అసాధ్యం. ఇక మిగిలింది ఆ తలుపుకూ ప్లాట్‌ఫాంకూ మధ్యనున్న ఎత్తు. దాన్ని పూరించే మడత ర్యాంపు ఖర్చు, కోట్లలో అయ్యే బోగీ ఖర్చు పక్కన లెక్కలోకే రాదు.

ఇనుము కోసం వేసిన దారి

కొత్తవలస–కిరండూల్ మార్గం యాత్రికుల కోసం పుట్టింది కాదు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కు పంపడానికి 1960వ దశకంలో, ఆ దేశ సహకారంతో తూర్పు కనుమల్ని తొలిచి వేశారు. విశాఖ–అరకు మధ్య 58 సొరంగాలు, 84 వంతెనలు. సముద్రం ఒడ్డున మొదలైన రైలు శిమిలిగూడ దగ్గర 996 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. దేశంలో బ్రాడ్‌గేజ్ మీద అన్నిటికన్నా ఎత్తైన స్టేషన్‌గా దానికి చాలాకాలం పేరుండేది. ఖనిజం మోసే దారిలోనే రోజుకో ప్యాసింజర్ నడిచింది. ఆ ప్యాసింజర్ వల్లే అరకు తెలుగువాళ్లందరికీ దగ్గరైంది.

అమెరికాలోని కొలరాడోలో ఇలాంటి దారే ఒకటుంది. డురాంగో–సిల్వర్టన్ నారోగేజ్ రైలు. వెండి, బంగారు ఖనిజాన్ని కొండల్లోంచి దించడానికి 1882లో వేశారు. సుమారు 72 కిలోమీటర్లు, ఇప్పటికీ ఆవిరి ఇంజన్లు నడుస్తాయి. గనులు మూతపడ్డాక యాత్రికులే దానికి ఆధారమయ్యారు. అంత పాత రైలులోనూ వీల్‌చైర్‌ను పైకి లేపే లిఫ్టున్న బోగీ ఉంది. వీల్‌చైర్‌లో వచ్చేవాళ్లు ముందుగా చెప్పి బుక్ చేసుకుంటారు. బ్రిటన్‌లోని వేల్స్‌లో పలకరాయి మోయడానికి 1836లో మొదలైన ఫెస్టినియాగ్ రైలు మరీ చిన్నది, రెండు పట్టాల మధ్య రెండడుగులు కూడా ఉండదు. అక్కడా కొన్ని పెట్టెల్లో వీల్‌చైర్‌కు చోటు చేశారు. పాత రైలనీ కొండదారనీ ఇరుకనీ చెప్పే సాకులకు ఈ రెండు రైళ్లూ చాలిన జవాబు.

అన్నీ ఉన్న దేశాలు కూడా ఈ పని అనుకున్న సమయానికి ముగించలేకపోయాయి. స్విట్జర్లాండ్ 2004లో అమల్లోకి తెచ్చిన చట్టంలో ప్రజా రవాణాను దివ్యాంగులకు అందుబాటులోకి తేవడానికి ఇరవై ఏళ్ల గడువు పెట్టుకుంది. 2023 ముగిసేసరికి ఇంకా చాలా స్టేషన్లు మిగిలే ఉన్నాయి. అయినా గడువు ఉండటం వల్ల ఏ స్టేషన్ పూర్తయిందో, ఏది కాలేదో అక్కడి పౌరుడు అడగగలిగాడు, రైల్వే జవాబు చెప్పాల్సి వచ్చింది.

చూపు లేనివారికి కొండ ఎలా తెలియాలి

అందుబాటు అంటే ర్యాంపు ఒక్కటే అనుకుంటే సగం మందిని మరిచిపోయినట్టు. అద్దాల బోగీలో కూర్చున్న అంధుడికి ఏం దక్కుతుందని కొందరు అడుగుతారు. చాలా దక్కుతుంది. సొరంగంలోకి దూరగానే చక్రాల మోత ఒక్కసారి దగ్గరకొస్తుంది, గాలి చల్లబడుతుంది. వంతెన మీద శబ్దం కింద లోయలోకి జారిపోతుంది. మైదానంలో ఉన్న ఉక్క ఘాట్ ఎక్కేకొద్దీ తగ్గుతుంది. స్టేషన్‌లో ఆగితే పనసతొనలో, వేయించిన వేరుశనక్కాయలో అమ్మేవారి కేకలు, కోటియా, కువి, తెలుగు కలగలిసిన మాటలు వినబడతాయి. కావలసింది ఒక్కటే, ఇప్పుడు ఎక్కడున్నాం, ఈ వంతెన కింద ఏముంది, రాబోయే సొరంగం ఎంత పొడవు అని చెప్పే గొంతు. బోగీలో స్పీకర్లు ఉంటాయి, రైలు ఎక్కడుందో చెప్పే జీపీఎస్ ఉంటుంది. తెలుగులో మంచి వ్యాఖ్యానం రాయించి రికార్డు చేస్తే చాలు. ఆ వ్యాఖ్యానం చూపున్న ప్రయాణికులకూ ఈ దారి చరిత్ర చెబుతుంది.

వినబడనివారికి అదే సమాచారం తెర మీద అక్షరాల్లో రావాలి. రైలు ఆలస్యమైనా, ప్లాట్‌ఫాం మారినా మైకులో చెప్పి ఊరుకుంటే వారికి తెలిసే దారే లేదు. ఆటిజం ఉన్న పిల్లలకు ఈ మార్గంలో మరో చిక్కుంది. ఉన్నట్టుండి కమ్ముకునే చీకటి, సొరంగంలో ప్రయాణికులు సరదాగా పెట్టే కేకలు వాళ్లను హడలగొట్టగలవు. ఇన్ని సొరంగాలు వస్తాయి, ఇలా చీకటవుతుంది, కాసేపటికి మళ్లీ వెలుగొస్తుందని బొమ్మలతో చెప్పే ఒక చిన్న పుస్తకాన్ని ముందే ఇస్తే తల్లిదండ్రులు ఇంట్లోనే పిల్లల్ని సిద్ధం చేసుకుంటారు.

ఇక ఎవరూ పైకి మాట్లాడని సంగతి బాత్రూము. నాలుగు గంటల ప్రయాణంలో వెళ్లడానికి వీలుండదని తెలిసి, ముందురోజు సాయంత్రం నుంచే మంచినీళ్లు మానేసే మహిళలున్నారు. వెన్నుపూస దెబ్బతిన్నవాళ్లకు అలా నీళ్లు మానడం మూత్రకోశ ఇన్ఫెక్షన్లకు, కిడ్నీ జబ్బులకు దారి తీస్తుంది. ఎక్స్‌ప్రెస్ రైళ్లలో గార్డు పెట్టెకు ఆనుకుని దివ్యాంగుల కోసం ప్రత్యేకించిన భాగంలో వెడల్పాటి బాత్రూము ఉంటుంది. వందేభారత్ రైళ్లలో వీల్‌చైర్ నిలిపే చోటు, తగిన బాత్రూము, బ్రెయిల్ సీటు నంబర్లు ముందునుంచే పెట్టారు. దివ్యాంగుల పెట్టెలో కూర్చుంటే బాత్రూము దొరుకుతుంది, అద్దాల బోగీలో కూర్చుంటే దృశ్యం దొరుకుతుంది. రెండూ ఒకేచోట దొరకాలన్నది అత్యాశ కాదు.

టికెట్ దగ్గరే ఒక చిక్కు

నడవలేక తోడు అవసరమైనవారికి, పూర్తిగా చూపు లేనివారికి, మానసిక వైకల్యం ఉన్నవారికి సెకండ్ క్లాస్, స్లీపర్, థర్డ్ ఏసీ, ఏసీ ఛైర్‌కార్లలో రైల్వే 75 శాతం రాయితీ ఇస్తుంది. ఫస్ట్, సెకండ్ ఏసీల్లో 50 శాతం. తోడు వచ్చే మనిషికీ అంతే. మాట, వినికిడి రెండూ లేనివారికి సెకండ్, స్లీపర్ తరగతుల్లో 50 శాతం. వేలాది కుటుంబాలకు ఆసరాగా నిలిచిన మంచి ఏర్పాటు ఇది.

కానీ ఆ రాయితీ పట్టికలో ఎగ్జిక్యూటివ్ తరగతి లేదు. విస్టాడోమ్ ఛార్జీ ఆ తరగతి లెక్కన ఉంటుంది. తోడు లేకుండా ప్రయాణించలేని మనిషి అద్దాల బోగీ ఎక్కాలంటే రెండు పూర్తి టికెట్లు కొనాలి. అరకు చూడటానికి ఒకరు పెట్టే ఖర్చుకు ఆయన రెట్టింపు పెడతాడు. వైకల్యం మీద పన్ను వేసినట్టవుతుందిది. కనీసం తోడు వచ్చేవారి టికెట్‌కైనా రాయితీ ఇస్తే ఈ అన్యాయం తొలగిపోతుంది. రైల్వే బోర్డు ఒక్క ఉత్తర్వుతో చేయగల పని.

రెండు రైల్వేల మధ్య

2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఏర్పాటు ప్రకారం విశాఖపట్నం డివిజన్ కొత్త దక్షిణ కోస్తా జోన్‌లోకి వస్తుంది. కొత్తవలస–బచేలి మార్గం రాయగడ డివిజన్ కింద తూర్పు కోస్తా జోన్‌లో ఉంటుంది. అరకు ఆ మార్గంలోనే ఉంది. ప్రయాణికుడు ఎక్కేది ఒక జోన్‌లో, దిగేది ఇంకో జోన్‌లో. మామూలు ప్రయాణికుడికి ఈ గీతతో పనిలేదు. ర్యాంపు కావాల్సినవారికి మాత్రం ఇదే అసలు ప్రశ్న. విశాఖలో ఎక్కించినవారు అరకు స్టేషన్‌కు ఫోన్ చేసి, ఫలానా బోగీలో వీల్‌చైర్ ప్రయాణికురాలు వస్తోంది, ర్యాంపుతో సిద్ధంగా ఉండండి అని చెప్పాలి. ఆ కబురు చేరవేయడం ఎవరి బాధ్యతో రెండు జోన్లూ కలిసి రాతపూర్వకంగా తేల్చుకోవాలి. స్టేషన్ దాటాక పర్యాటక శాఖ బస్సు, బొర్రా గుహల మెట్లు రాష్ట్రం చేతిలో ఉంటాయి. గుహల లోపలికి దిగే మెట్లన్నిటినీ మార్చడం కుదరకపోవచ్చు. చక్రాలు ఎంతవరకు వెళ్లగలవో అంతవరకు చదునైన దారి, అక్కడ కూర్చుని గుహను చూసే చోటు, దగ్గర్లో వాడదగిన బాత్రూము ఏర్పాటు చేయడం మాత్రం కుదురుతుంది.

వీటన్నిటికీ చట్టం దన్ను ఇప్పుడు ఇంకా గట్టిపడింది. చూపు లేని రాజీవ్ రతూరి 2005లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో ప్రభుత్వాలకు గడువులు పెట్టింది. వాటి అమలు ఎలా ఉందో పరిశీలించే పనిని హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రానికి అప్పగించింది. ఆ నివేదిక చదివాక, 2024 నవంబరు 8న కోర్టు కీలకమైన మాట చెప్పింది. అందుబాటు ప్రమాణాలు సలహాల్లా ఉంటే చాలవు, తప్పనిసరి నియమాలుగా ఉండాలి, మూడు నెలల్లో అలా రాయాలి అని కేంద్రాన్ని ఆదేశించింది. మన హైదరాబాద్‌లో తయారైన నివేదిక దేశమంతటి దివ్యాంగులకు ఆధారమైంది.

ప్రయాణం పెట్టుకునేముందు

• వైకల్యాన్ని నిర్ధారించే సదరం సర్టిఫికెట్‌తో పాటు కేంద్రం ఇచ్చే యూడీఐడీ కార్డు దగ్గరుంచుకోండి. రైల్వే ఇచ్చే దివ్యాంగుల గుర్తింపు కార్డుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయవచ్చు. ఆ కార్డు ఉంటే రాయితీ టికెట్ ఇంటినుంచే బుక్ చేసుకోవచ్చు.

• మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్ల స్లీపర్‌లో నాలుగు, థర్డ్ ఏసీలో నాలుగు బెర్తులు దివ్యాంగులకు, వారి తోడుకు కేటాయించారు. ఒక్కో తరగతిలో వాటిలో రెండు కింది బెర్తులు.

• వీల్‌చైర్, బ్యాటరీ కారు అవసరమైతే ఎక్కే స్టేషన్‌లోనే కాదు, దిగే స్టేషన్‌లోనూ స్టేషన్ మేనేజర్‌కు ముందుగా తెలపండి. రైల్వే సహాయానికి 139.

• ఎక్కడైనా ర్యాంపు లేకపోయినా, లిఫ్టు పనిచేయకపోయినా ఫొటో తీసి కేంద్రం 2021లో తెచ్చిన సుగమ్య భారత్ యాప్‌లో ఫిర్యాదు చేయండి.

ఇప్పుడే ఎందుకు అడగాలి

2011 జనగణన ప్రకారం దేశంలో దివ్యాంగులు 2 కోట్ల 68 లక్షలు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షల పైచిలుకు. వీరికి మోకాళ్లు అరిగిన పెద్దలను, నిండు గర్భిణులను, ప్రమాదంలో కాలు విరిగి కట్టుతో ఉన్నవారిని కలపండి. ర్యాంపు అవసరం లేని కుటుంబం రాష్ట్రంలో కనబడదు.

రైల్వే శాఖ అమృత్ భారత్ పథకం కింద బాగుచేస్తున్న స్టేషన్ల జాబితాలో అరకు, కొత్తవలస ఉన్నాయి. యాత్ర మొదలయ్యే వైపు మదనపల్లె రోడ్, కుప్పం కూడా ఉన్నాయి. దివ్యాంగుల సదుపాయాలు ఆ పథకం లక్ష్యాల్లోనే ఉన్నాయి. యాత్ర మొదలయ్యే ఊరి స్టేషనూ, యాత్ర ముగిసే కొండ స్టేషనూ ఒకే పథకంలో మారుతున్న సమయమిది. ఇంత మంచి అవకాశం మళ్లీ చాలా ఏళ్లకు గానీ రాదు. ప్లాట్‌ఫాం ఎత్తు, మరుగుదొడ్డి తలుపు వెడల్పు, నేలమీద అంధులకు దారి చూపే గరుకు పలకలు ఇప్పుడే సరిగ్గా వేయించుకోవాలి. పనులు పూర్తయ్యాక పగలగొట్టి మార్చాలంటే ఖర్చు పెరుగుతుంది, నిధులు లేవన్న జవాబు వస్తుంది.

అడగాల్సినవి మూడే. అరకు రైలు ఆగే ప్రధాన స్టేషన్లన్నిటిలో మడత ర్యాంపు, సన్నని వీల్‌చైర్, వాటిని వాడటం నేర్చిన సిబ్బంది. బుకింగ్ సమయంలోనే సహాయం కోరి, ఎక్కే చోటా దిగే చోటా అది దొరుకుతుందన్న నిర్ధారణ ఫోన్‌కు రావడం. తోడుగా వచ్చేవారికి విస్టాడోమ్‌లో రాయితీ. ఈ మూడింటికీ కొండలు తొలవనక్కరలేదు.

పంచాయతీ సమావేశంలో, ఎంపీకిచ్చే వినతిపత్రంలో, స్టేషన్ సంప్రదింపుల కమిటీలో ఈ మాట రావాలి. దివ్యాంగుల సంఘాలు ఎన్నో ఏళ్లుగా ఒంటరిగా అడుగుతున్నాయి. అరకు వెళ్లొచ్చి ఫొటోలు చూపించి మురిసిపోయిన ప్రతి ఒక్కరూ, కాలేజీ టూరుకు జాబితా రాసే ప్రతి మాస్టారూ, క్లాసులో ఒక పేరు వదిలేసి బయల్దేరిన ప్రతి స్నేహితుల గుంపూ వారితో కలిసి అడిగితే, రైల్వే కాదనడానికి కారణమేదీ ఉండదు.